ప్రమోటర్ దాకా ప్రోటీన్ ఎలా చేరుతుంది: క్రొమాటిన్ కాపలా వెనకున్న లెక్క

కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. ఆల్బుమిన్ జన్యువు రెండింట్లోనూ ఉంది. అయినా కాలేయ కణం ఆల్బుమిన్‌ను కుప్పలుతెప్పలుగా తయారుచేస్తుంది, నాడీకణం ఆ జన్యువు జోలికే పోదు. ఎందుకని అడిగితే "ఆ జన్యువు అక్కడ మూసి ఉంటుంది" అని పాఠ్యపుస్తకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఎపిజెనెటిక్స్ మీద వచ్చే వార్తలు ఇంకో అడుగు ముందుకేసి జన్యువులకు స్విచ్చులు బిగిస్తాయి. మూసి ఉండడమంటే అసలు ఏది దేన్ని మూస్తోంది? ఆ మూత ఎంత గట్టిది? తీసేదెవరు? తీసినంత మాత్రాన జన్యువు పనిచేస్తుందా? వీటిలో చాలావాటికి కొలతలతో సహా జవాబులున్నాయి. కొన్నింటి మీద తగువులూ ఉన్నాయి.

## ప్రమోటర్, హిస్టోన్, న్యూక్లియోజోమ్: ఏది ఏమిటి

జన్యువును చదవడం ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ముక్క ప్రమోటర్. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమ్ అక్కడ కూర్చుని జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకలు తీస్తుంది. అయితే దానికి తనంతట తానుగా చోటు వెతుక్కునే శక్తి లేదు. టీబీపీ లాంటి సాధారణ ఫ్యాక్టర్లు ముందుగా దిగి దానికి పీట వేయాలి. ఈ బృందమంతా పట్టే చోటు, అంటే కోర్ ప్రమోటర్, ఆరంభ బిందువుకు అటు 40, ఇటు 40 బేస్ జతలు. అంతే. దానికి ఎగువనా, ఒక్కోసారి చాలా దూరంలో ఎన్‌హాన్సర్లనే నియంత్రణ ముక్కల మీదా, ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు కూర్చుంటాయి. ఇవి 6 నుంచి 12 అక్షరాల పొడవున్న గుర్తుల్ని పోల్చుకుని పట్టుకునే ప్రోటీన్లు. ఏ జన్యువును ఎప్పుడు చదవాలో నిర్ణయించడంలో వీటిదే పెద్ద చెయ్యి.

ఇక మూత సంగతి. మనిషి కణంలో సుమారు 640 కోట్ల బేస్ జతలున్నాయి. ఒక్కో జత మందం 0.34 నానోమీటర్లు కాబట్టి మొత్తం పొడవు 2 మీటర్లు దాటుతుంది. ఇదంతా 10 మైక్రోమీటర్ల వ్యాసమున్న కేంద్రకంలో పట్టాలి. అందుకని కణం డీఎన్‌ఏను చిన్నచిన్న కండెలకు చుట్టి ఉంచుతుంది. ఒక్కో కండెలో హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 అనే హిస్టోన్ ప్రోటీన్లు రెండేసి చొప్పున ఎనిమిది ఉంటాయి. వాటి చుట్టూ 147 బేస్ జతల డీఎన్‌ఏ 1.65 చుట్లు తిరుగుతుంది. ఈ కండె, దాని మీది దారం కలిపి న్యూక్లియోజోమ్. రెండు కండెల మధ్య 20 నుంచి 80 జతల ఖాళీ దారం ఉంటుంది, దాన్ని లింకర్ అంటారు. సగటున 200 జతలకు ఒకటి అనుకున్నా మన కణానికి 3 కోట్ల పైచిలుకు న్యూక్లియోజోములు తేలతాయి. ఇవీ, వీటిని అంటిపెట్టుకున్న ఇతర ప్రోటీన్లూ అన్నీ కలిపి క్రొమాటిన్.

ఈ నమూనాను రోజర్ కోర్న్‌బర్గ్ 1974లో ప్రతిపాదించాడు. అణువణువూ కనిపించేలా దాని స్ఫటిక చిత్రం 1997లో వచ్చింది. అందులో తెలిసిన ఒక వివరం ఈ వ్యాసానికి ఆయువుపట్టు. హిస్టోన్లు డీఎన్‌ఏను ఒకేచోట గట్టిగా పట్టుకోవు. 14 చోట్ల కొంచెంకొంచెంగా పట్టుకుంటాయి. ఒక్కో పట్టు బలహీనం, పద్నాలుగూ కలిస్తే బలం.

దీనికి పైన ఇంకా మడతలున్నాయా? పూసలదండ మళ్లీ చుట్టుకుని 30 నానోమీటర్ల మందపు తాడవుతుందని దశాబ్దాలుగా బొమ్మలు వేశారు. పరీక్షనాళికలో అది ఏర్పడే మాట నిజమే. 2017లో చెక్కుచెదరని మానవ కణాల్ని ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో చూస్తే మాత్రం 5 నుంచి 24 నానోమీటర్ల మందంతో తీరూతెన్నూ లేకుండా వంకరలు తిరిగిన గొలుసే కనిపించింది. ప్రమోటర్ అందుబాటు గురించి మాట్లాడేటప్పుడు ఆ తాడు బొమ్మను పక్కన పెట్టేయడం క్షేమం. అసలు పోరు ఒకటి రెండు న్యూక్లియోజోముల స్థాయిలోనే జరుగుతుంది.

## చుట్టి ఉన్న డీఎన్‌ఏను ప్రోటీన్ ఎందుకు పట్టుకోలేదు

కండె మీది దారంలో ఒక పక్క బయటికే ఉంటుంది కదా, అక్కడ పట్టుకోవచ్చుగా అనిపించడం సహజం. కొన్ని ప్రోటీన్లు అలా పట్టుకోగలవు కూడా. చాలావాటికి మూడు అడ్డంకులు ఎదురవుతాయి. డీఎన్‌ఏ మెలిక 10 జతలకు ఒకసారి పూర్తిగా తిరుగుతుంది గనక గుర్తులో సగం హిస్టోన్ వైపే ఉండిపోతుంది. న్యూక్లియోజోమ్ కేవలం 5 జతలు జరిగితే చాలు, బయటికి చూస్తున్న ముఖం లోపలికి తిరుగుతుంది. రెండో అడ్డంకి, చుట్టు పక్కనే ఇంకో చుట్టు ఉండడం. డీఎన్‌ఏను అన్నివైపులా చేతులేసి పట్టుకునే ప్రోటీన్‌కు అక్కడ చేతులు పెట్టే సందు దొరకదు. మూడోది వంపు. టీబీపీనే తీసుకుంటే, అది డీఎన్‌ఏ చిన్న గాడిలో దూరి దాన్ని 80 డిగ్రీల మేర వంచేస్తుంది. హిస్టోన్లు అప్పటికే తమకు నచ్చిన దిశలో వంచిపెట్టిన దారాన్ని ఇంకో దిశలో వంచడం కుదరదు. అందుకే న్యూక్లియోజోమ్ నడిమధ్యలో ఉన్న టాటా పెట్టె, అంటే టీబీపీ పట్టుకునే అక్షరాల గుర్తు, టీబీపీకి దాదాపు లేనట్టే.

ఇది ఊహగా మిగిలిపోలేదు. 1986, 87 సంవత్సరాల్లో పరీక్షనాళికలో ప్రమోటర్ మీద న్యూక్లియోజోమ్‌ను అమర్చి చూస్తే నకలు మొదలవడం ఆగిపోయింది. నకలు ముందే మొదలైన చోట పాలిమరేజ్ ముందుకు సాగగలిగింది. 1988లో బతికున్న ఈస్ట్ కణాల్లో హెచ్4 హిస్టోన్ తయారీని ఆపితే, ఏ సంకేతమూ అందకుండానే కొన్ని జన్యువులు పనిచేయడం మొదలెట్టాయి. అప్పటిదాకా హిస్టోన్లను సామాను సర్దే గోనెసంచుల్లా చూసినవాళ్లు చాలామంది ఆ తర్వాత మాట మార్చుకున్నారు.

## మూత ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది

ఇప్పుడు 14 బలహీనమైన పట్ల సంగతికి వద్దాం. అణువులన్నీ వేడికి అల్లాడుతూనే ఉంటాయి. చివరన ఉన్న ఒకటి రెండు పట్లు సడలి డీఎన్‌ఏ కొస కాసేపు లేస్తుంది, మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. 2005లో ఈ కదలికను నేరుగా కొలిచారు. కొస సుమారు 250 మిల్లీసెకన్లు చుట్టుకుని ఉండి, 10 నుంచి 50 మిల్లీసెకన్లు విడిపోయి, మళ్లీ చుట్టుకుంటోంది. అంటే కొస దగ్గరి గుర్తు 4 నుంచి 17 శాతం సమయం బయటే ఉంటుంది.

లోపలికి వెళ్లేకొద్దీ కథ మారుతుంది. నడిమధ్య గుర్తు బయటపడాలంటే ఒక పక్క ఉన్న పట్లన్నీ ఒకేసారి సడలాలి. 1995లో కోత ఎంజైములు న్యూక్లియోజోమ్‌లోని డీఎన్‌ఏను ఎంత నిదానంగా కోస్తున్నాయో, ఉత్త డీఎన్‌ఏను ఎంత వేగంగా కోస్తున్నాయో పోల్చి లెక్కగట్టారు. నడిమధ్య చోటు పదివేల వంతు నుంచి లక్ష వంతు కాలమే బయటపడుతోందని తేలింది.

అందుబాటు అంటే తలుపు తీసి ఉందా, వేసి ఉందా అన్న ప్రశ్న కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అది కాలంలో వాటా. గుర్తు ఏ చోట ఉందన్నదాన్ని బట్టి ఆ వాటా వెయ్యి రెట్లు, పదివేల రెట్లు తేడా వస్తుంది.

## ఒక లెక్క: ఎన్ని ప్రోటీన్లుంటే ప్రమోటర్ దక్కుతుంది

ఉత్త డీఎన్‌ఏ మీద తన గుర్తును 1 నానోమోలార్ గాఢత దగ్గర సగం సమయం పట్టుకుని ఉండే ఫ్యాక్టర్‌ను తీసుకుందాం. 10 మైక్రోమీటర్ల వ్యాసమున్న గుండ్రటి కేంద్రకం ఘనపరిమాణం 524 ఘన మైక్రోమీటర్లు. అందులో 1 నానోమోలార్ అంటే సుమారు 315 అణువులు.

ఇదే గుర్తు న్యూక్లియోజోమ్ కొస దగ్గర ఉండి, 20లో ఒక వంతు కాలం బయటపడుతోంది అనుకుందాం. సగం సమయం దక్కాలంటే గాఢత 20 రెట్లు కావాలి, అంటే 6,300 అణువులు. కణానికి ఇది పెద్ద భారమేం కాదు. గుర్తు నడిమధ్యన ఉండి పదివేల వంతే బయటపడుతుంటే? 31.5 లక్షల అణువులు. కణంలో చాలా ఫ్యాక్టర్లు వేలల్లో, కొన్ని లక్షల్లో ఉంటాయి. ఒక్క జన్యువు కోసం ముప్పై లక్షల చొప్పున తయారుచేస్తూ కూర్చుంటే కేంద్రకంలో ఇక వేరేదానికి చోటుండదు.

మరి నడిమధ్య గుర్తులకు గతేమిటి? ఒకే న్యూక్లియోజోమ్ కింద వేర్వేరు ఫ్యాక్టర్ల గుర్తులు రెండున్నాయనీ, డీఎన్‌ఏ విడిపోతే రెండూ కలిసే బయటపడతాయనీ అనుకుందాం. ఒక్కోదాని గాఢత, సగం పట్టుకు కావలసినదానికి 100 రెట్లు, అంటే 31,500 అణువులు. ఒక్క ఫ్యాక్టరే ఉంటే తెరిచిన స్థితి బరువు, అంటే మూసిన స్థితితో పోల్చితే దానికున్న అవకాశం, పదివేల వంతు ఇంటూ 101 (గుర్తు ఖాళీగా ఉండడానికి 1, ఫ్యాక్టర్ పట్టి ఉండడానికి 100), అంటే 0.0101. మూసిన స్థితి బరువు 1. కాబట్టి తెరిచి ఉండేది 1 శాతం కాలమే. రెండో ఫ్యాక్టర్ కూడా ఉంటే పదివేల వంతు ఇంటూ 101 ఇంటూ 101, అంటే 1.02. తెరిచి ఉండే కాలం ఒక్కసారిగా 50 శాతానికి ఎగబాకుతుంది. మూడోదాన్నీ కలిపితే 99 శాతం.

ఈ మూడు ఫ్యాక్టర్లూ ఒకదాన్నొకటి తాకనవసరం లేదు, ఒకదాని ఉనికి ఒకదానికి తెలియనవసరం లేదు. హిస్టోన్లను తోసేసే ఖర్చును ఒకటి భరించాక మిగతావాటికి ప్రవేశం ఉచితం. ప్రమోటర్లలోనూ ఎన్‌హాన్సర్లలోనూ గుర్తులు 150 జతల లోపే గుంపుగా ఎందుకుంటాయన్న ప్రశ్నకు ఇదొక జవాబు. కాలేయానికి ప్రత్యేకమైన ఫ్యాక్టర్లు రెండు కావలసిన చోట, వాటిలో ఒకటే ఉన్న కణంలో ఆల్బుమిన్ ఎందుకు దాదాపు తయారవదో ఈ లెక్కతో కొంత అర్థమవుతుంది. సంఖ్య సగమైతే ఫలితం సగం కాదు, యాభయ్యో వంతు.

## న్యూక్లియోజోమ్‌ను జరిపే యంత్రాలు

వేడి కదలిక మీదే ఆధారపడితే పని నిదానం. అందుకే కణంలో ఏటీపీ అనే ఇంధన అణువును ఖర్చుపెట్టి న్యూక్లియోజోములను కదిపే పెద్ద ప్రోటీన్ యంత్రాలున్నాయి. వీటిని రీమోడలర్లు అంటారు. ఎస్‌డబ్ల్యూఐ/ఎస్‌ఎన్‌ఎఫ్, ఐఎస్‌డబ్ల్యూఐ, సీహెచ్‌డీ, ఐఎన్‌ఓ80 అని నాలుగు కుటుంబాలు. మొదటిదానికి ఆ వింత పేరు ఎలా వచ్చిందంటే, ఈస్ట్ జతరకం మార్చుకోలేకపోయిన మ్యూటెంట్లనూ, సుక్రోజ్ వాడుకోలేకపోయిన మ్యూటెంట్లనూ వేర్వేరుగా వెతికినవాళ్లకు చివరికి ఒకే యంత్రం భాగాలు దొరికాయి.

ఇవి న్యూక్లియోజోమ్ మధ్యబిందువుకు సుమారు 20 జతల దూరంలో డీఎన్‌ఏను పట్టుకుని, ఒకటి రెండు జతల చొప్పున లాగుతాయి. లాగిన దారం కండె చుట్టూ పాకి అటువైపు బయటికొస్తుంది. ఫలితంగా కండె జరుగుతుంది. ఎస్‌డబ్ల్యూఐ/ఎస్‌ఎన్‌ఎఫ్ రకం యంత్రాలు ఇంకా లాగితే హిస్టోన్లు ఊడిపోవచ్చు కూడా.

రీమోడలర్ అంటే తెరిచేదని చాలామంది అనుకుంటారు. ఐఎస్‌డబ్ల్యూఐ కుటుంబం చేసే ముఖ్యమైన పని న్యూక్లియోజోములను సమాన దూరాల్లో సర్దడం. ఆ సర్దుబాటులో ఒకటి ప్రమోటర్ మీదికి జరిగి దాన్ని కప్పేయవచ్చు. ఐఎన్‌ఓ80 కుటుంబానికి చెందిన ఎస్‌డబ్ల్యూఆర్1 మామూలు హెచ్2ఏను తీసి హెచ్2ఏ.జెడ్ అనే రూపాన్ని పెడుతుంది. కాబట్టి ఒక రీమోడలర్ పోతే కొన్ని జన్యువులు ఆగిపోతాయి, కొన్ని అతిగా పనిచేస్తాయి. మానవుల్లో ఎస్‌డబ్ల్యూఐ/ఎస్‌ఎన్‌ఎఫ్‌కు సమానమైన బీఏఎఫ్ భాగాల్లో మార్పులు దాదాపు 20 శాతం క్యాన్సర్లలో కనిపిస్తాయి. వాటి వల్ల ఏ జన్యువు ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం కష్టం కావడానికి కారణాల్లో ఇదొకటి.

ఈస్ట్‌లో చాలా ప్రమోటర్లు పుట్టుకతోనే సగం తెరిచి ఉంటాయి. ఆరంభ బిందువుకు కాస్త ఎగువన 150 జతల మేర న్యూక్లియోజోమ్ లేని సందు, దానికి రెండు కొసలా స్థిరంగా నిలబడ్డ +1, −1 న్యూక్లియోజోములు ఉంటాయి (ఆరంభం వైపుది +1, ఎగువది −1, దానికీ ఎగువది −2). వరుసగా 'ఏ' (అడెనిన్) అక్షరాలే ఉన్న డీఎన్‌ఏ బిరుసుగా ఉండి కండె చుట్టూ వంగడానికి మొరాయిస్తుంది. ఆర్‌ఎస్‌సీ అనే రీమోడలర్ పక్కవాటిని తోసిపెడుతుంది. ఆర్‌ఎస్‌సీని తీసేస్తే ఆ సందు కుంచించుకుపోతుంది.

## పీహెచ్ఓ5: మొదటి నుంచి చివరిదాకా తెలిసిన ఒక ప్రమోటర్

ఫాస్ఫేట్ కరువైనప్పుడు ఈస్ట్ పీహెచ్ఓ5 అనే జన్యువును పనిచేయిస్తుంది. దాంతో తయారయ్యే ఎంజైమ్ బయటి పదార్థాల నుంచి ఫాస్ఫేట్‌ను విడగొడుతుంది. ఈ ప్రమోటర్ మీద న్యూక్లియోజోములు ఎక్కడెక్కడ ఉంటాయో 1986 నుంచే పటం ఉంది.

ఫాస్ఫేట్ దండిగా ఉన్నప్పుడు పరిస్థితి ఇది. ఈ జన్యువును నడిపే ఫ్యాక్టర్ పేరు పీహెచ్ఓ4. దానికి ప్రమోటర్ మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి రెండు న్యూక్లియోజోముల మధ్య సందులో బయటే ఉంది, కానీ పట్టు తక్కువ గుర్తు. రెండోది గట్టి గుర్తు, −2 న్యూక్లియోజోమ్ కింద కప్పబడి ఉంది. టాటా పెట్టె −1 న్యూక్లియోజోమ్ కింద ఉంది. పీహెచ్ఓ4కు ఫాస్ఫేట్ తగిలించి కేంద్రకం బయటికి పంపేస్తుంది పీహెచ్ఓ80, పీహెచ్ఓ85 జంట.

ఫాస్ఫేట్ తగ్గగానే ఆ జంట పని ఆగుతుంది. పీహెచ్ఓ4 కేంద్రకంలోకి వస్తుంది. మొదట సందులోని బలహీన గుర్తు మీద దిగి హిస్టోన్లకు ఎసిటైల్ తగిలించే ఎంజైమునూ, ఎస్‌డబ్ల్యూఐ/ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ పిలుచుకుంటుంది. పక్క న్యూక్లియోజోములు ఊడతాయి. గట్టి గుర్తు బయటపడి ఇంకో పీహెచ్ఓ4 అక్కడ పడుతుంది. టాటా పెట్టె ఖాళీ అవుతుంది, టీబీపీ దిగుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. న్యూక్లియోజోములు ఊడడం వల్ల నకలు మొదలైందా, లేక పాలిమరేజ్ దున్నుకుంటూ పోవడం వల్ల అవి ఊడాయా? 1993లో టాటా పెట్టెను పాడుచేసి చూశారు. నకలు లేదు, క్రొమాటిన్ మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుంది. ఈ ప్రమోటర్ వరకు తెరుచుకోవడమే ముందు.

జీసీఎన్5 అనే ఎసిటైల్ ఎంజైమును తీసేస్తే పీహెచ్ఓ5 ఆలస్యంగా మేల్కొంటుంది, కానీ చివరికి దాదాపు మామూలు స్థాయికే చేరుతుంది. అదే పీహెచ్ఓ4 నడిపే ఇంకో జన్యువు పీహెచ్ఓ8కు మాత్రం జీసీఎన్5 లేనిదే గడవదు. "ఎసిటైలేషన్ జన్యువును ఆన్ చేస్తుంది" అన్న వాక్యం ఒక ప్రమోటర్‌కు వేగం గురించి, ఇంకో ప్రమోటర్‌కు జీవన్మరణం గురించి అవుతుంది.

2008లో వచ్చిన ఇంకో ఫలితం మరీ ఆసక్తికరం. గుర్తుల బలాన్నీ వాటి చోట్లనూ మార్చి చూశారు. సందులో బయటున్న గుర్తు ఎంత బలమైనదైతే అంత తక్కువ ఫాస్ఫేట్ కొరతకే జన్యువు స్పందిస్తుంది. న్యూక్లియోజోమ్ కింది గుర్తులు, ఒకసారి తెరుచుకున్నాక ఎంత జోరుగా పనిచేయాలన్నదాన్ని నిర్ణయిస్తాయి. ఎప్పుడు మొదలవ్వాలి, ఎంత చేయాలి అన్న రెండు విషయాల్ని క్రొమాటిన్ రెండు వేర్వేరు మీటలుగా విడదీసింది. ఉత్త డీఎన్‌ఏ మీద ఇవి రెండూ ఒకే ముడిలో ఉండేవి.

## హిస్టోన్ గుర్తులు: కారణమా, కాలిముద్రా

హిస్టోన్ల తోకలు కండె బయటికి వేలాడుతుంటాయి. వాటిలో ధనావేశం ఉన్న లైసిన్లు దండిగా ఉంటాయి. డీఎన్‌ఏది రుణావేశం. లైసిన్‌కు ఎసిటైల్ తగిలిస్తే దాని ఆవేశం పోయి పట్టు సడలుతుంది. ఎసిటైలేషన్‌కూ నకలు తీయడానికీ సంబంధం ఉందని 1964లోనే అన్నారు. ఆ పనిచేసే ఎంజైమ్ 1996లో దొరికింది. అది అప్పటికే జన్యువుల్ని ప్రేరేపించేదిగా తెలిసిన జీసీఎన్5 కుటుంబానిదే. ఆవేశం ఒక్కటే కాదు, ఎసిటైల్ ఉన్న లైసిన్‌ను బ్రోమోడొమైన్ అనే భాగమున్న ప్రోటీన్లు పట్టుకుంటాయి. రీమోడలర్లలో కొన్నింటికి ఆ భాగం ఉంది.

మిథైల్ గుర్తుల దారి వేరు. అవి ఆవేశాన్ని మార్చవు, చదివే ప్రోటీన్లకు ఆనవాళ్లుగా ఉంటాయి. హెచ్3లో 4వ లైసిన్ మీద మూడు మిథైళ్లుంటే అది సాధారణంగా పనిచేస్తున్న ప్రమోటర్. 9వ లైసిన్ మీద మూడుంటే హెచ్‌పీ1 ప్రోటీన్ వచ్చి ఆ ప్రాంతాన్ని బిగిస్తుంది. 27వ దాని మీదైతే జన్యువుల్ని అణచిపెట్టే పాలీకోంబ్ ప్రోటీన్ బృందం పని.

పనిచేసే జన్యువు మీద ఒక గుర్తు కనిపించినంత మాత్రాన అది పని చేయిస్తోందనలేం. తగువంతా ఇక్కడే. కారణమే అనేవాళ్లకు గట్టి ఆధారాలున్నాయి. ఈగల్లో హెచ్3 27వ లైసిన్‌ను ఆర్జినైన్‌గా మారిస్తే పాలీకోంబ్ పోయినప్పటి లోపాలే వచ్చాయి. 2015లో డీఎన్‌ఏను కోసే క్యాస్9 ఎంజైమ్‌కు కోతశక్తి తీసేసి, ఎసిటైల్ తగిలించే పీ300 ఎంజైమ్ ముక్కను అతికించి ఎంచుకున్న చోటికి పంపితే అక్కడి జన్యువు పనిచేసింది. కాలిముద్రే అనేవాళ్ల చేతిలోనూ ఆధారాలున్నాయి. ఎలుక మూలకణాల్లో 27వ లైసిన్ ఎసిటైలేషన్‌ను భారీగా తగ్గించేలా హిస్టోన్‌ను మార్చినా ఎన్‌హాన్సర్లు దాదాపు మామూలుగానే పనిచేశాయని 2020లో తేలింది. ఈగల్లో హెచ్3 4వ లైసిన్‌ను మార్చేసినా కణాలు జన్యువుల్ని చదవగలిగాయి.

రెండూ ఒకేసారి నిజమయ్యే వీలుంది. పీ300 కేవలం హెచ్3 27నే కాక చాలా లైసిన్లకూ, హిస్టోన్లు కాని ప్రోటీన్లకూ ఎసిటైల్ తగిలిస్తుంది. ఎంజైమ్ అవసరమైనంత మాత్రాన దాని ఒక్కో గుర్తూ అవసరమని కాదు. ఎసిటైల్ తీసే ఎంజైములను అడ్డుకునే వోరినోస్టాట్ అనే మందుకు 2006లో అమెరికాలో ఒక రకం లింఫోమాకు అనుమతి వచ్చింది. సిద్ధాంతం ప్రకారం దాంతో జన్యువులన్నీ పెచ్చుమీరాలి. తీరా చూస్తే పెరిగే జన్యువులతో పాటు తగ్గేవీ బోలెడు.

## మొదట లోపలికి వెళ్లేదెవరు

పీహెచ్ఓ5కు అదృష్టం, ఒక గుర్తు ముందే బయట ఉంది. అదీ లేని చోట? హిస్టోన్లు చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏనే పట్టుకోగల ఫ్యాక్టర్లను పయనీర్ ఫ్యాక్టర్లు అంటారు. వీటిలో అందరికీ తెలిసినది ఫాక్స్ఏ. ఎలుక పిండంలో కాలేయం ఇంకా ఏర్పడకముందే, ఆల్బుమిన్ చదవడం మొదలవకముందే, దాని ఎన్‌హాన్సర్ మీద ఫాక్స్ఏ కూర్చుని ఉంటుంది. ఫాక్స్ఏలో డీఎన్‌ఏను పట్టే భాగం, లింకర్ దగ్గర అతుక్కునే లింకర్ హిస్టోన్ ఆకారాన్ని పోలి ఉంటుంది. 2002లో ఏటీపీ యంత్రాల సాయం లేకుండానే అది బిగుసుకున్న న్యూక్లియోజోముల వరుసను తెరవగలదని పరీక్షనాళికలో చూపించారు.

ఇది ప్రత్యేకమైన జాతా, లేక తగినంత గాఢతలో ఏ ఫ్యాక్టరైనా చేయగల పనేనా అన్నది తేలలేదు. 2022లో ఒక ప్రయోగంలో రక్త క్యాన్సర్ కణాల్లో పయనీర్‌గా పేరున్న ఫాక్స్ఏ1నూ, ఆ పేరు లేని హెచ్‌ఎన్‌ఎఫ్4ఏనూ విడివిడిగా ప్రవేశపెట్టారు. రెండూ మూసి ఉన్న కాలేయ జన్యువుల్ని తెరవగలిగాయి. ఎంత గాఢత ఉంది, ఎన్ని గుర్తులున్నాయి అన్నదే తేడా చూపింది. ఇంతకుముందు వేసిన లెక్క దారిలోనే ఈ ఫలితమూ నడుస్తోంది. మరోవైపు, పయనీర్‌గా లెక్కించే ఆక్ట్4 కూడా బీఆర్‌జీ1 అనే రీమోడలర్ లేకపోతే చాలాచోట్ల తెరిచి ఉంచలేకపోతుంది. తట్టడం ఒకరు, తీయడం ఒకరు అన్నమాట.

## తెరిచి ఉండీ పలకని ప్రమోటర్లు

ఈగల్లో వేడి దెబ్బకు స్పందించే హెచ్‌ఎస్‌పీ70 జన్యువు ప్రమోటర్ వేడి తగలకముందే తెరిచి ఉంటుందని 1980లోనే కనిపించింది. గాగా ఫ్యాక్టర్ దాన్ని తెరిచి ఉంచుతుంది. పాలిమరేజ్ కూడా ఎక్కి, 20 నుంచి 40 అక్షరాలు నకలు తీసి అక్కడే ఆగి కాచుకుని ఉంటుంది. వేడి తగలగానే హెచ్‌ఎస్‌ఎఫ్ అనే ఫ్యాక్టర్ వచ్చి దాన్ని వదిలిస్తుంది. ఇక్కడ అందుబాటు ఎప్పుడో పూర్తయింది, అదుపు అంతా తర్వాతి మెట్టు మీద ఉంది. మానవ ప్రమోటర్లలో ఎక్కువ భాగం సీ, జీ అక్షరాలు దట్టంగా ఉన్న సీపీజీ దీవుల్లో ఉంటాయి. వాటిలో చాలా వరకు అనేక కణాల్లో తెరిచే ఉంటాయి. ఫలానా జన్యువు తెరుచుకుందని ఒక అధ్యయనం చెబితే, ఆర్‌ఎన్‌ఏ పెరిగిందా అని వేరుగా అడగాల్సిందే.

## తెరుచుకోవడాన్ని కొలిచేటప్పుడు ఏం తప్పుతుంది

కొలత సూత్రం పాతదే. ఎంజైమ్‌కు అందిన డీఎన్‌ఏ తెగుతుంది, అందనిది మిగులుతుంది. 1976లో కోడి ఎర్రకణాల కేంద్రకాల్లో గ్లోబిన్ జన్యువును డీఎన్‌ఏజ్ 1 త్వరగా నమిలేసింది, వేరే కణాల్లో అదే జన్యువు నిలిచింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది 2013లో వచ్చిన అటాక్-సీక్. 50,000 కణాల కేంద్రకాల్ని తీసి టీఎన్5 ట్రాన్స్‌పోజేజ్‌తో 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, అది అందిన చోటల్లా కోసి, ముక్కల్ని చదవడానికి కావలసిన అడాప్టర్లు అతికిస్తుంది. వచ్చిన ముక్కల పొడవే మొదటి పరీక్ష. 100 జతల లోపు ముక్కలు ఖాళీ సందుల నుంచి, 200 చుట్టుపక్కలవి ఒక న్యూక్లియోజోమ్‌ను దాటి వచ్చినవి. పొడవుల రేఖలో ఈ మెట్లు కనిపించకపోతే ప్రయోగం చెడిందనే అర్థం.

చెడే తీరులు కొన్ని పదేపదే ఎదురవుతాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏకు హిస్టోన్లు లేవు గనక టీఎన్5 దాని మీదికి ఎగబడుతుంది, సగానికి పైగా రీడ్లు (చదివిన ముక్కలు) అక్కడే పోవచ్చు. కేంద్రకాల్ని సరైన డిటర్జెంట్‌తో కడగడం దీనికి మందు. చచ్చిన కణాలుంటే వాటి ఉత్త డీఎన్‌ఏ అంతటా కోతపడి, తెరిచిన చోట్ల రీడ్లు గుట్టపడి ఏర్పడే శిఖరాలన్నీ నేలమట్టమవుతాయి. కణాలు తక్కువై ఎంజైమ్ ఎక్కువైతే మూసి ఉన్న చోట్లూ తెగి, తెరిచినట్టు కనిపిస్తాయి. టీఎన్5 ఒక్కో కోతకు 9 జతలు పునరావృతం చేస్తుంది. ఫ్యాక్టర్ అడుగుజాడ వెతికేటప్పుడు రీడ్లను ఒక పోగు మీద 4, ఇంకో పోగు మీద 5 జతలు జరపడం మరిస్తే జాడ చెదిరిపోతుంది. న్యూక్లియోజోములను పటం గీయడానికి వాడే ఎమ్‌నేజ్ అనే కోత ఎంజైమ్‌కు ఏ, టీ అక్షరాలంటే మక్కువ. అతిగా కోయిస్తే ప్రమోటర్ దగ్గరి వదులైన న్యూక్లియోజోములు మాయమై, లేని సందు ఉన్నట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే చిక్కయినది సగటు. ఒక ప్రమోటర్ శిఖరం సగం ఎత్తే ఉందంటే, సగం కణాల్లో ఎప్పుడూ తెరిచి ఉందా, లేక అన్ని కణాల్లో సగం సమయం తెరిచి ఉందా? కణాల గుంపు నుంచి తీసిన అటాక్-సీక్ రేఖ రెండింటికీ ఒకేలా ఉంటుంది. పయనీర్ల తగువులో, గుర్తుల తగువులో సగం గందరగోళం ఇక్కడి నుంచే వస్తోంది. 2020లో వచ్చిన ఫైబర్-సీక్ దీనికి వేరే దారి పట్టింది. డీఎన్‌ఏను కోయకుండా, అందిన 'ఏ' (అడెనిన్) అక్షరాల మీద మిథైల్ చుక్కలు పెట్టించి, వేల జతల పొడవున్న ఒక్కో పోగును విడిగా చదువుతుంది. అలా చదివితే సగటులో సగం తెరిచినట్టున్న ప్రమోటర్ ఒక పోగు మీద పూర్తిగా తెరిచీ, పక్క పోగు మీద న్యూక్లియోజోమ్ కింద పూర్తిగా మూసుకునీ కనిపిస్తుంది. సగం తెరిచిన పోగు అరుదు. ఆ తెరిచిన పోగు ఎంతసేపటికి మూసుకుంటుందన్నది మాత్రం ఈ పటం చెప్పదు. అది కణాల్ని చంపి తీసిన ఒక్క క్షణపు బొమ్మ.